సున్నపు గీత దగ్గర ఆగవలసిన సైకిలు

మా గోపన్‌పల్లి అపార్టుమెంటులో నాలుగో అంతస్తు అబ్బాయి సైకిలు కొన్నాడు. కొన్నాడంటే సరిపోదు, సాకుతున్నాడు. లిఫ్టులో పైకి తీసుకుపోతాడు, సోఫా పక్కన నిలబెడతాడు, వాన జల్లు కొడితే దుప్పటి కప్పుతాడు. మొన్న ఆదివారం పొద్దున పార్కింగులో దాన్ని తలకిందులుగా నిలబెట్టుకుని కూర్చున్నవాడు నన్ను చూసి కేకేశాడు.

"అంకుల్, టైర్లు మార్పించానండి, వెడల్పువి. బ్రేక్ ప్యాడ్లు కూడా మంచివి వేశాను. ఇక ఎంత దూరమైనా టూర్ వెళ్ళొచ్చండి!"

ఆ తరువాత అరగంట నిలబెట్టి పాఠం చెప్పాడు. వెడల్పు టైరు ఇసుకలో దిగబడదట. మంచి ప్యాడ్లుంటే ఆగాలనుకున్నచోట ఆగొచ్చట. తొంభై దాటిన ముసలివాడికి సైకిలంటే ఏమిటో తెలియదని వాడికి నామీద దయ. నేను నోరెళ్ళబెట్టి విన్నాను. వినక చస్తానా, లిఫ్టు ముందర అడ్డంగా సైకిలు పెట్టాడు మరి. వాడు పనిచేసేది ఇక్కడికి రెండు కోసుల దూరంలో ఒక అద్దాల మేడలో. ఆ మేడ గేటు దగ్గర రోజూ దిగి, మెడలో బిళ్ళ చూపించి, కాపలావాడు తల ఊపాక లోపలికి పోవాలని వాడే చెప్పాడు. ఆగాలనుకున్నచోట ఆగడం వేరు, ఆగవలసినచోట ఆగడం వేరు నాయనా అని నోటిదాకా వచ్చింది. అనలేదు. ఇక్కడ రాస్తున్నాను.

ఎందుకంటే ఈ చుట్టుపక్కల వెడల్పు టైర్లూ మంచి బ్రేకులూ వేయించిన మొదటి మొనగాణ్ణి నేనే. పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు. నాకప్పుడు ఇరవైరెండేళ్ళు. గోపన్‌పల్లికీ పుప్పాలగూడకీ మధ్య అప్పట్లో గుండ్లూ గుట్టలూ సీతాఫలం పొదలే. ఆ గుట్టల్లో ఒకదాని కింద మా ఊరు. ఊళ్ళోకి వచ్చే బాట గుట్ట మీది నుంచి జర్రున దిగి, తిన్నగా దొర గేటు ముందుకు వచ్చి, గేటు దాటాక వాగు ఇసుకలో కలిసేది. ఆ బాట వేసినవాడెవడోగానీ వాడి తెలివి తెల్లారినట్టే ఉంది! ఊళ్ళో ఎవడింటికి ఎవడు పోవాలన్నా దొర మొహం చూసుకునే పోవాలి.

చూసుకుంటే చాలదు. గేటు ముందు చెప్పులు విడిచి చేత పట్టుకోవాలి. గొడుగు ముడవాలి. ఎడ్లబండి మీద వచ్చేవాడు బండి దిగి ఎడ్ల పక్కన నడవాలి. మా నాయన బండి చక్రాలు చేసేవాడు. ఆయన చేసిన చక్రం పదేళ్ళయినా పక్కకు ఒరిగేది కాదని నాలుగూళ్ళు చెప్పుకునేవి. దొర సవారీ బండి కూడా ఆయన చేతిపనే. కొత్త బండిని తోలి చూపించమంటే గుట్ట మీది నుంచి దర్జాగా తోలుకొచ్చి, గేటు రాగానే దిగి, తాను చేసిన బండి పక్కన తానే చెప్పులు చేతబట్టుకుని నడిచాడట. అమ్మ ఈ సంగతి చెప్పేటప్పుడు నా మొహం చూసేది కాదు, పొయ్యిలోకి చూసేది.

నాకు పదహారేళ్ళప్పుడు నాయన పోయాడు. ఆయన వెనక మాకు మిగిలినవి రెండే. గూటినిండా ఉలులూ బాడిసెలూ ఒకటి. ఊరికి నాగళ్ళు చేసిపెడుతున్నందుకు మా తాతల కాలంలో ఇచ్చిన ఎకరన్నర చెలక ఇంకొకటి. ఆ చెలకలో అమ్మ జొన్నా కందీ వేసేది. మేము తినేది అదే. భూమి మా చేతిలో ఉండేది, దాని కాగితం దొర ఇంట్లో ఉండేది. నేనేమో ఉలి పట్టనివాణ్ణి. పట్నంలో నాలుగు ఉర్దూ ముక్కలు చదువుకుని, ఊరూరా తిరిగి మశూచి టీకాలు వేసే సర్కారు కొలువు సంపాదించాను. నాగళ్ళు చేయనివాడికి చెలకెందుకని ఎవడైనా ఒక్క మాట అంటే చాలు, మా నోటి దగ్గర ముద్ద పోతుంది. ఇది నాకు తెలుసు, అమ్మకు తెలుసు, దొరకు అందరికంటే బాగా తెలుసు.

కొలువులో చేరిన కొత్తలో దౌరా, అంటే ఊళ్ళ తిరుగుడు, అంతా కాలినడకే. మూడు నెలలకు బొలారం కంటోన్మెంటులో ఒక తెల్ల సాహెబు మూటాముల్లె సర్దుకుని వాళ్ళ దేశం పోతూ సైకిలు వదిలించుకున్నాడు. అది నాకు దొరికింది. సన్నటి టైర్లు, తేలికపాటి ఒళ్ళు, హేండిలు కింద మెరిసే తీగల బ్రేకులు. సిమెంటు రోడ్ల మీద షికారుకు చేసిన బండి అది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు నేను దానిమీద మూడు రోజులు తిండి కూడా సరిగ్గా తినకుండా తిరిగాను.

మా ఊళ్ళో అదే మొదటి సైకిలు. కాబట్టి పెద్దమనుషులకు పెద్ద చిక్కు వచ్చిపడింది. గేటు ముందు సైకిలుకు ఏ మర్యాద? పటేలు అరుగు మీద పంచాయతీ కూర్చుంది. నన్ను ఎదురుగా నిలబెట్టారు, సైకిలును గోడకు చేరేశారు.

"బండి అంటె బండే. దిగి నడ్వాలె," అన్నాడు పటేలు.

"బండికి ఎడ్లుంటయి పటేలా. దీనికి ఏడున్నయి?" అన్నాడు పట్వారీ. ఆయన కాగితాల మనిషి, అన్నీ సరిగ్గా ఉండాలి.

"ఇగ గుర్రం లెక్క అనుకోరాదు? రెండు దిక్కుల కాళ్ళేస్కొని కూసుంటడు గద," అన్నాడు అరుగు చివరనున్న ఇంకొకాయన.

"ఆఁ, గది సై. గుర్రం మీదికెళ్ళి యాడ దిగాలె?" అన్నాడు పటేలు.

గుర్రానికి తాతలనాటి కట్టడి ఒకటి ఉందట. గేటుకు పది బారల ఇవతల దిగాలి. ఊళ్ళో గుర్రమున్నవాడు దొర ఒక్కడే, ఆ కట్టడి ఎవరికోసం పెట్టారో ఆ పరమాత్ముడికే తెలియాలి! అక్కడికక్కడే బారలు కొలిచి, బాటకు అడ్డంగా నేలలో పరుచుకుని ఉన్న ఒక బండ మీద సున్నంతో గీత గీశారు. చదువుకున్నవాణ్ణి, సర్కారు నౌకరుని, పదిమందికి మశూచి రాకుండా కాపాడేవాణ్ణి, నేనేమన్నానో చెప్పమంటారా? "మంచిది పటేలా" అన్నాను. పైగా గీత కొంచెం లావుగా గీస్తే దూరంనుంచి కనబడుతుందని సలహా కూడా ఇచ్చాను.

గీత కనబడింది గానీ సైకిలు ఆగితే కదా! ఆ బ్రేకు రబ్బర్లు ఏ కాలంనాటివో, ఎండకు ఎండి రాయి అయిపోయాయి. గుట్ట దిగుతూ ఎంత గట్టిగా నొక్కినా కీచుమని ఏడవడమే తప్ప పట్టేవి కావు. సన్నటి టైర్లు గులకరాళ్ళ మీద పక్కకు జారేవి. మొదటిసారి గీత దాటి రెండు బారలు పోయి ఆగాను. రెండోసారి ఐదు. మూడోసారి కాళ్ళు నేలకు ఈడ్చి ఆపబోతే ఎడమకాలి చెప్పు ఊడి ఎగిరి వెళ్ళి సరిగ్గా దొర గేటు ముందు పడింది. నేను గేటుకు బారెడు దూరంలో ఆగాను. నా చెప్పు నాకంటే ముందు పోయింది.

దొర మనిషి ఒకడుండేవాడు, కట్టె లేకుండా వాణ్ణి ఎవరూ చూడలేదు. ఆ కట్టె కొసకు నా చెప్పు తగిలించుకుని వచ్చాడు.

"మల్లొక్కపారి గీత దాటినవంటే మీ అమ్మ ఈ యేడు జొన్న కొయ్యది. దొర జెప్పుమన్నడు."

ఇంటికి పోయి ఆ మాట అమ్మకు చెప్పాను. రొట్టె తట్టుతున్న చెయ్యి ఆగలేదు. "మరేం జేస్తవు?" అంది. "బ్రేకులు మంచివి వేయిస్తనే," అన్నాను. అమ్మ నావైపు ఒకసారి చూసి రొట్టె తిప్పింది. ఆ చూపు అర్థమయ్యేంత బుద్ధి నాకు అప్పుడు లేదు.

ఆ వారమే పట్నం పోయాను. చాదర్‌ఘాట్ వంతెన దిగువన తడిక కింద కూర్చునే సైకిల్ మిస్త్రీ ఒకడు పనిమంతుడని విన్నాను. నా బండి చూసి పకపకా నవ్వాడు.

"అరె భాయ్, ఇది సైకిలా, సూదా? దీనితోని గుట్టలు దిగుతున్నవా? నీకు పెండ్లయిందా?"

"కాలేదు."

"షుకర్. ముండమోసేటిది ఇంకెవతీ లేదన్నట్టు."

నోరు చెడ్డదిగానీ చెయ్యి మంచిది. పాత టైర్లు విప్పి పారేశాడు. అదే రిమ్ముకు పట్టేవాటిలో అన్నిటికంటే వెడల్పు జత వెతికి తెచ్చాడు. టైరుకూ ఫోర్కుకూ మధ్య తన చిటికెన వేలు దూర్చి చూసి, వేలు తిరిగితే సరే అన్నాడు. మడిగార్డులు రాసుకుంటుంటే వాటి కింద వాషర్లు పెట్టి పైకి లేపాడు. ఆ తరువాత పాత బ్రేకు రబ్బరొకటి ఊడదీసి ఇనపదిమ్మె మీద కొట్టాడు. టక్కుమంది. కొత్తది తీసి నా గోరుతో నొక్కమన్నాడు. గోరు గుర్తు పడింది.

"సూసినవా? గోరు దిగినదే రిమ్మును పడ్తది. ఒక్క మాట యాది పెట్టుకో భాయ్. దీనికి నూనె తగలనియ్యకు. చైనుకు పెట్టు, ఇరుసుకు పెట్టు, దీనికి మాత్రం వద్దు. నూనె తగిలిందా, నువ్వూ దేవుడూ మాట్లాడుకోవాలె ఇగ."

నాలుగు రబ్బర్లు బిగిస్తూ, అవి టైరుకు తగలకుండా సరిగ్గా రిమ్ము మీద కూర్చునేట్టు సర్దుతూ అడిగాడు.

"ఇంత గట్టి బ్రేకు ఎందుకు నీకు? మేకలడ్డమొస్తయా?"

"కాదు. మా ఊళ్ళ దొర గేటు ముంగట దిగాలె."

పానా పట్టుకున్న చెయ్యి ఆపి నా మొహంలోకి చూశాడు. ఈసారి నవ్వలేదు.

"పానం కాపాడుకునేతందుకు బ్రేకు ఏయించుకునేటోళ్ళను సూసిన. ఒంగి దండం పెట్టేతందుకు ఏయించుకునేటోణ్ణి నిన్నే సూస్తున్న. పో బిడ్డా, మంచిగ ఒంగు."

ఆ మాటకు నాకు కోపం రావాలి. రాలేదు. దారి పొడుగునా నేను చూసుకున్నది బ్రేకులు ఎంత బాగా పడుతున్నాయనే. గుట్ట దిగి సున్నపు గీత మీద ముందు చక్రం ఆనించి, సూదికి దారం ఎక్కించినంత నికరంగా ఆపాను. పటేలు మెచ్చుకున్నాడు. పట్వారీ వంగి చూసి, ఒక్క వేలెడు కూడా దాటలేదన్నాడు. మరో రెండుసార్లు పైకి పోయి దిగి చూపించమంటే దిగి చూపించాను. గేటు లోపలినుంచి దొర తల ఊపాడట. ఆ రాత్రి నాకు ఎంత సుఖంగా నిద్రపట్టిందో చెప్పుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. నాలుగూళ్ళలో నా అంత బాగా దిగేవాడు లేడని గర్వం!

మర్నాడు అమ్మ కందులు చెరుగుతుంటే ఎదురుగా సైకిలు నిలబెట్టి పాఠం చెప్పాను. నాలుగో అంతస్తు అబ్బాయి నాకు చెప్పినట్టే. ఇది లివరు, ఇది తీగ, ఇవి రబ్బర్లు. ఇవి పట్టుకుంటేనే చక్రం ఆగుతుంది. చైనుకు నూనె పెట్టాలి, వీటికి పెట్టకూడదు. ఆమె చేటతో చెరుగుతూనే ఉంది, వింటున్నట్టే లేదు. చివరికి ఒక్క మాట అడిగింది.

"గివి పట్టకుంటె యాడ ఆగుతది మరి?"

"ఇంకేడ, పొయ్యి వాగుల ఇసుకల. టైర్లు ఎడల్పువి గాబట్టి పల్టీ కొట్టదులే. ఎన్కటి సన్నయైతే మెడ ఇరుగుతుండె."

"ఓహో," అంది.

దసరా వచ్చింది. మా ఇంట్లో దసరా అంటే పనిముట్ల పండుగ. నాయన పోయినా ఏటా ఆయన ఉలులు, బాడిసెలు, రంపాలు అన్నీ కడిగి పసుపూ కుంకుమా పెట్టేది అమ్మ. ఆ ఏడు సైకిలు కూడా పీట పక్కకు చేరింది. నేను బావికి పోయి తానం చేసి వచ్చేసరికి నా బండి పెళ్ళికూతురైంది. టైర్లకు పసుపు, హేండిలుకు కుంకుమ, సీటు మీద బంతిపూలు. ముందు చక్రం కింద నిమ్మకాయ. అమ్మ చేతులు ఆముదంతో మెరుస్తున్నాయి. ఉలులకు తుప్పు పట్టకుండా ఆముదం రాస్తుందిలే అనుకున్నాను. నా బెంగంతా బంతిపూల దండ చక్రంలో చుట్టుకుంటుందేమోనని. దండ తీసి గోడకు తగిలించాను.

పొద్దు వాలకముందే ఊరంతా గుట్టమీది జమ్మిచెట్టుకు బయలుదేరింది. అమ్మ గడపలో నిలబడి చెప్పింది.

"బండి గుడ తీస్కపో. పూజ జేసినంక జమ్మికాడికి కొంచవోవాలె. ఎక్కంగ నూకుకుంట పోయినా మంచిదే, దిగంగ మాత్రం మీద కూసొనే రా. పూజ జేసిన బండిని నడిపిస్కుంట తెస్తె ఇంటికి అరిష్టం."

ఇలాంటి శాస్త్రం నేనెప్పుడూ వినలేదు. కానీ శాస్త్రాలు నాకేం తెలుసు, ముసలివాళ్ళకు తెలుస్తాయి. సైకిలు నెట్టుకుంటూ గుట్ట ఎక్కాను. జమ్మికి మొక్కి, ఆకు కోసి జేబులో పెట్టుకున్నాను. కింద గేటు ముందు దొర కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. జమ్మి ఆకును బంగారమంటాం. ఆ బంగారం ముందు దొర కాళ్ళ దగ్గర పెట్టాకే ఎవరైనా ఒకరికొకరు ఇచ్చుకోవాలి. జనం అప్పటికే బారులు తీరి నిలబడ్డారు.

సీటెక్కి వదిలాను. సగం గుట్ట దిగేదాకా రాజాలాగా ఉంది. అక్కడ కొంచెం వేగం తగ్గిద్దామని లివరు నొక్కాను. లివరు మెత్తగా దిగింది. రబ్బర్లు వెళ్ళి రిమ్మును ముట్టుకున్నాయి, ముట్టుకుని జారిపోయాయి. ఇంకా గట్టిగా నొక్కాను. గుప్పుమని ఆముదం వాసన కొట్టింది. అప్పుడర్థమైంది. ఓరి నాయనో! మా తల్లి ఉలులకు రాసినట్టు వీటికీ రాసింది!

కాళ్ళు ఈడుద్దామంటే ఆ వేగంలో కాలు నేలకు ఆనితే కాలే పోతుంది. సున్నపు గీత వచ్చింది, పోయింది. చూసినట్టు కూడా గుర్తులేదు. ఎదురుగా బారులు తీరిన జనం, ఆ జనం నడుమ కుర్చీ, ఆ కుర్చీలో చెలక కాగితం ఉన్న మనిషి. గొంతు చించుకుని అరిచాను.

"జరుగుండ్రి! జరుగుండ్రి! ఓ దొరా, జరుగు! నిన్నే, జరుగు!"

మర్యాద వాగులో కలిసింది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు 'జరగండి దొరా' అనడానికి నోటికి తీరిక లేదు. జనం రెండుగా చీలిపోయింది. దొర నావైపు చూశాడు, నా మొహం చూశాడు, కుర్చీ వెనక్కి తన్ని లేచి నిలబడి గోడకు అతుక్కుపోయాడు. నేను ఆయన ముందునుంచి, చెప్పులతో, సీటు మీద కూర్చుని, గాలిలా పోయాను. జేబులోని బంగారం సగం ఆయన కాళ్ళ మీద రాలింది. అది మాత్రం పద్ధతి ప్రకారమే జరిగింది.

వెడల్పు టైర్లు ఇసుకలోకి దూరి, బుసకొట్టి, నిలిచిపోయాయి. నేను పక్కకు ఒరిగి మెత్తగా పడ్డాను. తలెత్తితే ఎదురుగా అమ్మ. ఆడవాళ్ళంతా జమ్మిదగ్గరుంటే ఆమె ఎప్పుడొచ్చిందోగానీ వాగులో నిలబడి ఉంది. నన్ను లేపి, ఇసుక దులిపి, మోచేతులు రెండూ తడిమి చూసింది. "నడువు, బువ్వ తిందువు," అంది.

బువ్వ ఎక్కడ దిగుతుంది! మూడు రోజులు తలుపు చప్పుడైతే దుప్పటి మీదికి లాక్కునేవాణ్ణి. కట్టె పట్టుకుని వాడొస్తాడు, చెలక పోతుంది, జొన్న చేతికి వచ్చే వేళకు మా నోట్లో మట్టి. దౌరాకు కూడా పోలేదు. జ్వరమని కబురు పంపి ఇంట్లో పడుకున్నాను. నిజంగా జ్వరమే వచ్చింది. అమ్మ మాత్రం పొద్దున్నే చెలకకు పోయి వస్తూ ఉంది. ఆమె నిబ్బరం చూస్తే నాకు ఒళ్ళు మండింది. చేసిందంతా తాను, చచ్చేది నేను!

నాలుగో రోజు వచ్చాడు, కట్టెవాడు కాదు, పట్వారీ. మా అరుగు మీద ఆయన పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ కూర్చోలేదు. ఆ రోజు కూర్చున్నాడు. మంచినీళ్ళు అడిగి తాగాడు. గొంతు తగ్గించాడు.

"బిడ్డా, నువ్వు సర్కారు నౌకరువి. పై నుంచి ఏమన్న హుకుం అచ్చిందా? గేటు ముంగట దిగొద్దని?"

భయంతో నాకు నోట మాట రాలేదు. ఆయన దాన్ని ఇంకోలా చదువుకున్నాడు.

"తియ్యి, నీ నోట్లకెళ్ళి రాదు. సర్కారు ముచ్చట గద. దొర గుడ గదే అన్నడు. ఎన్క ఎవడో లేంది గంత పోరడు నన్ను 'నిన్నే, జరుగు' అంటడా అన్నడు. జర పరేషాన్ల ఉన్నడులే. కాలం గుడ మంచిగ లేకపాయె."

అదండీ సంగతి. పట్నంలో మిలిటరీ సర్కారు కూర్చుంది, ఎవడి వెనక ఎవడున్నాడో ఎవడికీ తెలియదు, పెద్ద పెద్ద జాగీర్లే ఊడిపోతున్నాయి. ఆముదం మరకను దొర సర్కారు మొహరనుకున్నాడు. తంతే బూరెలబుట్టలో పడ్డట్టయింది నా పని. వారం తిరగకుండా ఆ కట్టెవాడే బిందెడు నీళ్ళు తెచ్చి బండ మీది సున్నపు గీత కడిగేశాడు. ఆ మరుసటి సంతరోజు మంగలాయన చెప్పులు విప్పకుండా గేటు దాటాడు. ఏమీ కాలేదు. తరువాత గొల్లవాళ్ళు దాటారు. తరువాత అందరూ దాటారు. మా చెలక జోలికి ఎవడూ రాలేదు. ఆ ఏటి జొన్న అమ్మే కోసింది. బారలు కొలిచి గీత గీయించిన పటేలు, మొదటినుంచీ నాకు ఆ గీత ఇష్టం లేకుండె అని ఊరంతా చెప్పుకు తిరిగాడు. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు.

ఇక నేను. నేనేమైనా తక్కువ తిన్నానా? "దొరను 'జరుగు' అన్న మొగోడు" అని నాలుగూళ్ళలో పేరొచ్చింది. టీకా వేయించుకోవడానికి ఏడ్చే ఆడవాళ్ళు కూడా నా పేరు చెబితే చెయ్యి చాపేవారు. కాదు, అది ఆముదం అని చెప్పడానికి నోరు రాలేదు. మొదట్లో మౌనంగా ఉన్నాను, తరువాత చిన్నగా నవ్వేవాణ్ణి, ఆ తరువాత చెప్పడమే మొదలుపెట్టాను. బడిలో పంద్రాగస్టుకు పిలిచి మెడలో దండ వేస్తే, "ఆ రోజు నా చేతులారా బ్రేకు వదిలేశాను" అని ఉపన్యాసం దంచాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. వెనక వరసలో అమ్మ కూర్చుని ఉంది. ఆమె కూడా కొట్టింది.

ఇరవైఏళ్ళు ఆ అబద్ధం మోశాను. ఒక మధ్యాహ్నం ఇక ఆగలేక అమ్మకు చెప్పుకున్నాను. ఆమె అప్పుడు తలుపు కిర్రుమంటోందని కీలుకు ఆముదం పెడుతోంది. ఆ సీసా చూసే నాకు నోరు ఊరుకోలేదు.

"అమ్మా, నీకు ఇన్నేండ్లు చెప్పలే. ఆ దసరానాడు నేనేం మొగతనం చేయలే. ఆపుదామనే చూసిన. నీవు తెలువక గా రబ్బర్లకు ఆముదం పూసినవు, బండి ఆగలే. నిన్ను అంటలేను. నీకేమెరుక పాపం."

అమ్మ చెయ్యి ఆపింది. నావైపు తిరిగి చూసింది. ఆ చూపు నేను ఒకసారి చూశాను, రొట్టె తిప్పేటప్పుడు.

"చక్రాలు జేసెటోని పెండ్లాన్ని బిడ్డా నేను. మీ నాయనకు ఇరవై ఏండ్లు కందెన కలిపిచ్చిన. నూనె యాడ పెట్టాలెనో, యాడ పెట్టొద్దో నాకు తెల్వదా?"

గడప మీద కూర్చున్నాను. చెలక పోతే ఎట్లా అని అడిగాను. నేను చస్తే ఎట్లా అని అడిగాను. అన్నీ ఒకేసారి అడిగాను.

"ఇసుకల పడితె సావవని నువ్వే జెప్తివి గద. చెలక పోతె పోనీ, కూలి జేస్కుంటనని గుండె రాయి జేస్కున్న. నువ్వు పడ్తవని గాదు నా భయం." సీసాకు మూత బిగించి గూట్లో పెట్టింది. "పట్నం పొయ్యి బ్రేకులు ఏయించుకొచ్చి గంత మంచిగ దిగుతివి. మీ నాయన ఏడ్సుకుంట దిగిండు. నువ్వు నవ్వుకుంట దిగినవు. గది సూసినంక నాకు భయమైంది."